సామాన్లకి కాపలా ఎవరు?

తలకోన మూడుసార్లు వెళ్ళాను. ఒక్కసారీ తడవలేదు. ఆశ్చర్యపోకండి, మీలో చాలామంది సంగతీ ఇంతే.

జలపాతం కనబడగానే మావారు, పిల్లలు, మరిది నీళ్ళలోకి దిగిపోతారు. బండమీద చొక్కాలు, వాచీలు, ఫోన్లు, పులిహోర డబ్బా. వాటి పక్కన నేను. అక్కడి కోతులు తెలుసుగా, అటు తిరిగితే సంచీ చెట్టెక్కుతుంది. 270 అడుగుల ఎత్తునుంచి పడే నీళ్ళ తుంపర మొహాన తగిలితే అదే నా స్నానం.

"నువ్వూ రావచ్చుగా!" అని నీళ్ళలోంచి పిలుస్తారు. చీరతో ఎలా రాను? అందరికీ రెండేసి జతలు సర్దినదాన్ని, నాకు ఒక్కటీ పెట్టుకోలేదు. అందులో సగం తప్పు నాదే, ఒప్పుకుంటాను.

మూడోసారి గైడుతో వాగు వెంట లోపలికి నడిచాం. ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. పైన వాన పడితే కింద వాగు ఎంతసేపట్లో పొంగుతుందో చెప్పలేం. "పైకి రండి!" అని గైడు అరిచాడు. అందరూ ఎక్కేశారు. నేనొక్కదాన్నే బండమీద చొక్కాలు ఏరుతున్నాను. కింద నీళ్ళు అప్పటికే ఎర్రబడుతున్నాయి. గట్టెక్కాక మావారు అడిగిన మొదటి మాట, "ఫోన్లన్నీ వచ్చాయా?"

ఆ రాత్రి నిద్రపట్టలేదు. అడవికి ఏమేం తీసుకెళ్ళాలో జాబితాలు రాసేవాళ్ళు, వాటిని మోసేదెవరో, కాపలా కాసేదెవరో ఎందుకు రాయరు?

అందుకే ఇది నా జాబితా. ముందు నా బట్టలు. త్వరగా ఆరే ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు. నూలు బట్టలూ జీన్సూ నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి, ఒక పట్టాన ఆరవు. పాచిబండల మీద జారని బూట్లు. ఒక పొడి జత, తువ్వాలు, చాటు లేనిచోట బట్టలు మార్చుకోవడానికి వదులైన పాత నైటీ. నీళ్ళ సీసా, ఓఆర్ఎస్ పొట్లం, బ్యాండేజీ, విజిల్. ఫోను నీళ్ళు చొరని కవరులో. నల్లపూసలు తప్ప నగలన్నీ ఇంట్లో. పులిహోర కారులో.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరి సంచీ వాళ్ళ వీపునే. రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే జారినప్పుడు బండని పట్టుకోగలరని గైడే చెప్పాడు. లేవమన్న క్షణాన లేవగలగాలి, ఏరుకుంటూ కూర్చోకూడదు.

"మగవాళ్ళు సర్దుకుంటే సగం మర్చిపోతారు" అంటారు మా అత్తగారు. మర్చిపోనివ్వండి! తడిబట్టలతో ఒక్కసారి ఇల్లు చేరితే రెండోసారి మర్చిపోరు.

మొన్న నాలుగోసారి వెళ్ళాం. మావారు తువ్వాలు మర్చిపోయారు. నాది ఇవ్వలేదు, ఎందుకంటే అప్పటికి అది నిండా తడిసి ఉంది.