హాలిస్ వీధి పాట, మన దివిసీమ క్రిస్మస్

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో ఒక పంచాయితీ కూడా వస్తుంది. మచిలీపట్నమైనా గుడివాడైనా అదే తంతు. సెమీ క్రిస్మస్‌కు ర్యాప్ పాట పెడతామని యౌవనస్థులంటారు. దేవుని మందిరంలో ఆ గోల ఏమిటని పెద్దలంటారు. ఎవరి మాట చెల్లినా రెండోవారు ముఖం ముడుచుకుంటారు. వాదమంతా దరువు గురించే. పాటలో ఏముందని అడిగేవారు తక్కువ.

ర్యాప్ క్రిస్మస్ పాట నిన్న మొన్నటిది కాదు. కర్టిస్ బ్లో 1979లోనే ఒకటి పాడారు. 1987లో రన్-డి.ఎం.సి. బృందం పాడిన 'క్రిస్మస్ ఇన్ హాలిస్' నేటికీ వినబడుతోంది. హాలిస్ న్యూయార్క్‌లో ఒక పేట; పాడినవారు ఆ పేట కుర్రాళ్లే. ఆ ఆల్బమ్ రాబడి స్పెషల్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. బృందంలోని జోసెఫ్ సిమన్స్ తరువాతి కాలంలో సేవకుడిగా అభిషేకం పొందారు. పాటలో ఒకడికి దారిలో శాంటా పర్సు దొరుకుతుంది. మరొకడు తల్లి వండే కోడికూర, ఆకుకూర సంగతి చెబుతాడు. ఉన్నమాట చెప్పాలంటే అందులో పశువుల తొట్టి కథ లేదు, ఉన్నది శాంటాయే. ఆ లోటు చిన్నది కాదు. అయితే తమ వీధిని, తమ వంటింటిని దాచుకోకుండా పాడారు. ర్యాప్‌కు ప్రాణం అదే.

మన పిల్లలు దరువు తెచ్చుకున్నారు గాని ఆ ప్రాణాన్ని అక్కడే వదిలేశారు. నాగాయలంకలో పాడే పాటలో మంచు కురుస్తుంది, బండి గంటలు మోగుతాయి!

దరువు పరాయిదన్న అభ్యంతరం ఎక్కువసేపు నిలవదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. పురుషోత్తమ చౌధరి గారు (1803–1890) వాడిన ఆ రాగాలు చర్చిలో పుట్టినవి కావు. లయ మీద కథ చెబుతూ, వంతలలో ఒకరు లోకం తీరును ఎత్తిచూపే బుర్రకథ మనకుండగా ర్యాప్ అంత వింతేమీ కాదు. లూకా మొదటి అధ్యాయంలో మరియమ్మ పాట కూడా బలవంతుల గద్దెల గురించి, ఆకలిగొన్నవారి గురించి మాట్లాడింది కదా.

మరి ఇక్కడి మాట ఏది? డిసెంబరులో కళ్లం దగ్గర రాత్రి కాపలా పడుకునే రైతుకు, మంద కాసుకున్న గొల్లలు ఎవరో విడమరచి చెప్పాలా? వాయుగుండం వార్త వస్తే గిలకలదిండిలో బోట్లు ఒడ్డునే ఉండిపోతాయి, గుడివాడ పొలాల్లో పనలు తడుస్తాయి. ఆ ఇళ్లలో కూడా నక్షత్రం వెలుగుతుంది.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని తీసుకుపోయింది. 36 రోజులకు క్రిస్మస్ వచ్చింది. సొర్లగొందిలో, పాలకాయతిప్పలో, హంసలదీవిలో ఆ ఏడు పండుగ ఎలా గడిచిందో చెప్పగలిగే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. యౌవనస్థులు రిహార్సల్‌కు ముందు ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోవాలి. రాసిన చరణాలు సంఘ పెద్దల ముందు చదివి వినిపించాలి. పెద్దలు కూడా దరువు పక్కనపెట్టి మాటలు వినాలి.

స్పీకర్ల విషయంలో మాత్రం న్యాయం పెద్దలదే. బేస్ అంత పెంచితే సొర్లగొంది అన్నారో మరేమన్నారో వెనక చాప మీద కూర్చున్న మామ్మకు వినపడదు.