ముప్పై ఏడున్నర

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఒక పుష్కరం పైనే పట్టింది. ఏటా సంచికకు వ్యాసం అడుగుతూనే ఉన్నారు, నేను ఏదో ఒకటి రాసిస్తూనే ఉన్నాను. గోంగూర మీద రాశాను, పద్యనాటకాల మీద రాశాను, పిల్లలకు తెలుగు నేర్పడం మీద మూడుసార్లు రాశాను. రాయవలసింది మాత్రం రాయలేదు. కారణం సిగ్గు. ఆ సిగ్గు నా ఒక్కడిదే కాదని ఈమధ్యనే తెలిసింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

2013 జూన్ నెల. అప్పుడు మేము సిమేలో ఒక హెచ్.డి.బి. ఫ్లాటులో అద్దెకుండేవాళ్లం. నా ఆఫీసు చాంగీ బిజినెస్ పార్కులో. ఆ చోటు గురించి మన సభ్యుల్లో చాలామందికి వేరే చెప్పనక్కర్లేదు. ఎక్స్‌పో స్టేషన్లో రైలు దిగి మెడలో ట్యాగులు వేసుకుని బారులు తీరి నడిచే జనం, భోజనాల వేళ నాలుగడుగులు వేస్తే నాలుగు భారతీయ భాషలు. దానికి ‘చాంగలూరు’ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, మా వీధిలో సగం మంది ఆ పేరు విని నవ్వేవారు, మిగతా సగం మంది ముఖం ముడుచుకునేవారు.

ఆ యేడు సింగపూరులో డెంగీ విరుచుకుపడింది. ఏడాది తిరిగేసరికి ఇరవై రెండు వేల పైచిలుకు కేసులు. అది చాలదన్నట్టు సుమత్రా అడవుల పొగ వచ్చి ఊరంతా కమ్మేసింది. జూన్ 21 శుక్రవారం మధ్యాహ్నం గాలి కాలుష్యాన్ని కొలిచే పీఎస్ఐ 401 తాకిందంటే అప్పుడిక్కడ ఉన్నవాళ్లకు ఆ వాసన ఇంకా ముక్కులో ఉండే ఉంటుంది. నేను చెప్పబోయేది దాని ముందు రోజు, గురువారం సంగతి.

మా పాపకు అప్పుడు రెండేళ్లు. పొద్దున్న ఆరున్నరకు ఒళ్లు వెచ్చగా ఉందని మా ఆవిడ థర్మామీటరు పెట్టింది. ముప్పై ఎనిమిది పాయింట్ రెండు. ఆ రోజు నాకు ఆఫీసులో రిలీజు, ఆవిడకు ఆడిట్. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పటికే ఆ యేడు సెలవులన్నీ దగ్గులకూ జలుబులకూ ఖర్చయిపోయాయి. ఏ మాటా అనుకోలేదు. ఏడింటికి నేనే సీసా తీసి పారాసిటమాల్ సిరప్ పోశాను. ఎనిమిదింబావుకు ప్లేస్కూలు గుమ్మం దగ్గర టీచరమ్మ చెవిలో థర్మామీటరు పెడితే ముప్పై ఏడు పాయింట్ రెండు చూపించింది. నోట్లో టార్చి వేసి చూసింది, అరచేతులు తిప్పి చూసింది, లోపలికి పంపింది. సుంకంవాళ్ల కళ్లుగప్పి సరుకు దాటించినవాడిలా నేను ఊపిరి పీల్చుకుని ఆఫీసుకు నడిచాను.

ముప్పై ఏడున్నర. ఆ గుమ్మం దగ్గర గీత అది. ఈ గీత వెనక చరిత్ర ఉంది. 2000లో చేతులూ కాళ్లూ నోటి పుళ్ల జబ్బు ఇక్కడ పసిపిల్లల్లో ప్రబలి కొందరి ప్రాణాలు తీసింది. బాలవాడీలన్నీ మూతబెట్టారు. 2003లో సార్స్ వచ్చి 33 మందిని తీసుకుపోయింది. అప్పుడు బడిపిల్లలందరికీ తలా ఒక థర్మామీటరు ఇచ్చి రోజూ కొలుచుకోమన్నారు. ఒళ్లు కాలుతున్న పిల్లవాణ్ణి గుమ్మంలోనే ఆపడం అన్నది ఈ దేశం దెబ్బ తిని నేర్చుకున్న పద్ధతి. నేను ఆ రోజు మోసం చేసింది టీచరమ్మను కాదు, లోపల ఉన్న మిగతా పదిహేను మంది పసివాళ్ల తల్లిదండ్రులను. అందులో ఇద్దరు మన తెలుగువాళ్లే.

పదకొండున్నరకు ఫోను వచ్చింది. మీటింగులో ఫోను బల్లమీద బోర్లా పెట్టుకుని కూర్చున్నాను. మూడో కాల్‌కు గాని తియ్యలేదు. పరిగెత్తుకు వెళ్లేసరికి పాప మిగతా పిల్లలకు దూరంగా, గోడవారన చిన్న కుర్చీలో, తన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ముప్పై తొమ్మిదిన్నర. నన్ను చూసి ఏడవను కూడా ఏడవలేదు.

క్లినిక్‌లో డాక్టరు చూసి వైరల్ జ్వరమే కావచ్చు, కానీ డెంగీ రోజులు కాబట్టి కనిపెట్టి ఉండండి అన్నాడు. రాత్రి పదకొండింటికి పాప కళ్లు పైకి తేలేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఫిట్స్. ఇంజనీరింగ్ చదివి, పదేళ్లు నాలుగు దేశాల్లో పనిచేసిన నేను ఏం చేశానో తెలుసా? మా తెనాలిలో చూసిన అలవాటు కొద్దీ తాళంచెవుల గుత్తి కోసం ఇల్లంతా వెతికాను, పాప చేతిలో పెట్టడానికి! అది దొరక్క చెంచా తెచ్చి నోట్లో పెట్టబోయాను. మా ఆవిడ కేకలకు ఎదురింటి చైనీసు పెద్దావిడ వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, మాకు చైనీసు సున్నా. వస్తూనే నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది, పాపను పక్కకు ఒత్తిగిలేలా తిప్పింది, గోడ గడియారం వైపు వేలు చూపించింది. టైము చూడమని. రెండు నిమిషాలు పట్టిందట మొత్తం. నాకైతే తెల్లారిపోయిందేమో అనిపించింది.

995కు ఫోను చేశాం, అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: “జ్వరం ఎప్పుడు మొదలైంది?” నేను తడుముకోకుండా “మధ్యాహ్నం” అన్నాను. నోటికి అదే వచ్చింది. పొద్దున్న గుమ్మం దగ్గర ఆడిన అబద్ధానికి ఇది కొనసాగింపు. మా ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కూడా కాదు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత ఆవిడే చెప్పింది, “పొద్దున్న ఆరున్నరకే ఉందండీ. ఏడింటికి మందు వేసి బడికి పంపాం.” ‘పంపాం’ అంది. ‘పంపారు’ అనలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు, తల కూడా ఎత్తలేదు. రాసుకుంది. తరువాత తీరిగ్గా ఆవిడ చెప్పిన మాటలు నాకు రెండు విధాల పనికొచ్చాయి. మొదటిది ఊరట. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి జ్వరంలో ఇలాంటి ఫిట్స్ వస్తాయట, ఐదు నిమిషాల లోపు ఆగిపోయేవాటితో మెదడుకు హాని ఉండదట. వేళకు పారాసిటమాల్ వేసినా వాటిని ఆపలేదట. అంటే పొద్దున్న నేను వేసిన మందు వల్ల అవి రాలేదు, వెయ్యకపోయినా ఆగేవి కావు. రెండోది చెంపపెట్టు. డెంగీలో రోజులు లెక్కపెట్టడమే వైద్యంలో సగం అంది. జ్వరం మొదలైన రోజు నుంచి మూడో రోజో నాలుగో రోజో ఏడో రోజు లోపలో జ్వరం దిగుతుంది. అసలు ప్రమాదం అప్పుడే. మనం హమ్మయ్య అనుకునే ఆ రోజే రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరిపోవడం, కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, పిల్ల మగతగా పడి ఉండడం మొదలవుతాయి. థర్మామీటరు మాత్రం ముప్పై ఏడు చూపిస్తుంది! మొదటి రోజు తప్పు చెబితే ఆ లెక్కంతా తప్పుతుంది.

మా పాపది డెంగీ కాదని పరీక్షలో తేలింది. మూడో రోజుకు లేచి ఆడుకుంది. కాని నా బుర్రలో అప్పటిదాకా ఉన్న ఒక నమ్మకం ఆ రాత్రితో పోయింది. జ్వరమంటే ఒక అంకె, ఆ అంకె దింపితే జబ్బు దిగినట్టే అన్న నమ్మకం.

ఆసుపత్రి నుంచి రాత్రి ఒంటిగంటకు మా అమ్మకు ఫోను చేశాను. అక్కడ పదిన్నర. “అమ్మా, ముప్పై తొమ్మిది పాయింట్ ఆరు ఉంది” అన్నాను. “ఆ లెక్కలు నాకెందుకురా? పిల్ల నవ్విందా? పాలు తాగిందా? ఒంటికి పోసిందా? కళ్లెత్తి నీకేసి చూస్తోందా?” అంది. సరిగ్గా గంట క్రితం ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలే, వరస మారింది, అంతే. (అదే ఊపులో “దుప్పటి కప్పు, చెమట పట్టనీ, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తియ్యి” అని కూడా అంది. దిష్టి వల్ల నష్టం లేదు గాని దుప్పటి మాత్రం కప్పకూడదు. పెద్దవాళ్లు చెప్పినవన్నీ వేదం అని నేననను. జ్వరానికి వాతలు పెట్టించిన పెద్దవాళ్లను కూడా చూసినవాణ్ణే.)

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది చెబుతాను. మన ఇళ్లలో పసిపిల్లకు జ్వరం వస్తే మనం రెండు వేర్వేరు భయాలు పడుతున్నాం. ఒకటి పిల్ల గురించి, రెండోది ఆఫీసు గురించి. రెండో భయాన్ని మొదటిదాని చీర కట్టి తిప్పుతున్నాం. “అయ్యో, ముప్పై ఎనిమిది దాటిందే” అని మనం కంగారు పడేటప్పుడు నిజాయితీగా చూసుకుంటే అందులో ఎంత పాలు పిల్లది, ఎంత పాలు రేపటి మీటింగుది? పిల్ల కోసమే అయితే చూడవలసినవి వేరే ఉన్నాయి. మూడు నెలలు నిండని పసికందుకు ముప్పై ఎనిమిది చేరితే చాలు, తెల్లవారేదాకా ఆగకుండా వెళ్లాలి. ఊపిరి ఎగబీలుస్తూ డొక్కలు లోపలికి పోతున్నా, లేపితే లేవకపోయినా, పూటంతా మూత్రం పోయకపోయినా, గాజుగ్లాసుతో నొక్కినా మాయని ఎర్రమచ్చలు వచ్చినా, నిద్రలో మాటిమాటికీ ఉలిక్కిపడుతున్నా అంకె ఎంతని చూడకుండా పరిగెత్తాలి. జ్వరం ఐదు రోజులు దాటినా అంతే. 1967లో జపాన్ డాక్టరు కవాసాకి వివరించిన జబ్బు ఒకటుంది, గుండె రక్తనాళాలను పట్టేది, అది మన ఆసియా పిల్లల్లోనే ఎక్కువ. ఇవేవీ లేకుండా ముప్పై తొమ్మిది జ్వరంతో సోఫా ఎక్కి గెంతే పిల్ల ఉంటే, నీళ్లు పడుతూ ఇంట్లో ఉంచుకోవడమే మందు.

ఇంకో మాట, సీసాల గురించి. మనందరి ఫ్రిజ్జుల్లోనూ రెండు దేశాల సీసాలుంటాయి. ఇండియా నుంచి అమ్మమ్మ తెచ్చిన పారాసిటమాల్ ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు కావచ్చు, 250 కావచ్చు. పసివాళ్ల చుక్కల మందైతే ఇంకా చిక్కన. ఒక సీసా కొలత ఇంకో సీసాకు వాడితే రెట్టింపో అంతకన్నా ఎక్కువో పడిపోతుంది. మోతాదు బరువును బట్టి, కిలోకు పది నుంచి పదిహేను మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి. వంటింటి చెంచాతో కొలవకండి. నాన్న వేశాడని తెలియక అమ్మ మళ్లీ వెయ్యకుండా ఫ్రిజ్జు తలుపు మీద కాగితం పెట్టి టైము రాయండి. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు.

ఇక ఆఫీసు. ఇక్కడి పౌరసత్వం ఉన్న ఏడేళ్ల లోపు పిల్ల ఉంటే తల్లికీ తండ్రికీ ఏడాదికి ఆరేసి రోజులు చైల్డ్‌కేర్ లీవు. మనలో చాలామంది పిల్లల్లా పౌరసత్వం లేకపోతే రెండేసి రోజులు. బడిలో చేరిన కొత్తలో పిల్లలకు ఏడాదికి ఆరేడుసార్లు జలుబూ జ్వరమూ రావడం మామూలే. ఆరేడు జ్వరాలకు ఇద్దరివీ కలిపి నాలుగు రోజులు! ఈ కూడిక కుదరదని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. కుదరని కూడికను కుదర్చడానికే ఆ పొద్దుటి సిరప్. తప్పు నాదే, కాదనను. కాని నా తప్పుకు పక్కనే ఈ లెక్క కూడా రాసి పెట్టాలి.

లెక్క మారేదాకా మనం చెయ్యగలిగింది లేకపోలేదు. మొదట, బడివాళ్ల దగ్గర రాసిచ్చే ఫోను నంబర్లలో తండ్రిది ముందు రాయండి. ఎందుకో గాని అన్ని ఇళ్లలోనూ తల్లిదే ముందుంటుంది. రెండోది మన సమాజం చెయ్యవలసింది. సిమే, టాంపనీస్, బెడోక్, పాసిర్ రిస్ బ్లాకుల్లో విజిట్ పాసు మీద వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఏ నెలలో చూసినా కొందరు ఉంటారు. పొద్దుపోక కింద బెంచీల మీద కూర్చుని ఊరు తలచుకుంటూ ఉంటారు. జీతం ప్రస్తావన లేకుండా, జ్వరం పిల్ల ఉన్న ఇంటికి ఒక పూట వచ్చి కూర్చోవడానికి ఇష్టపడేవారి పేర్లు బ్లాకులవారీగా ఒక కాగితం మీద రాసి సభ్యులకు ఇవ్వలేమా? పిల్లను వేరే ఇంటికి పంపడం కాదు, పెద్దమనిషి పిల్ల దగ్గరకు రావడం. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టే ఓపిక ఉన్న సమాజానికి ఇది పెద్ద పనా? ఆ రాత్రి ఎదురింటావిడ వచ్చి కూర్చుంది కనుకనే చెబుతున్నాను. మరుసటి రోజు అంత పొగలోనూ గంజి కాచి తెచ్చింది ఆవిడ.

పోయిన నెల మా టీములో ఒక కుర్రాడు మీటింగులో ఫోను బల్లమీద బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. గుంటూరు వైపు అబ్బాయి. ఫోను రెండుసార్లు వణికింది, అతను దాని మీద చెయ్యి వేశాడు. మూడోసారి నేనే మాట ఆపి ఏమిటని అడిగాను.

“పాపకు కొంచెం వెచ్చగా ఉంది సార్. పర్వాలేదు, పొద్దున్న తగ్గాకే పంపాం.”

“మందు ఎన్నింటికి వేశారు?”

అతని మొహం ఎర్రబడింది. “ఏడింటికి సార్.”

“బయల్దేరు. డాక్టరు అడిగితే ఏడింటికనే చెప్పు” అన్నాను.