బండి చేసిందెవరు?

'స్ట్రీట్ హాక్' 1985లో అమెరికాలో వచ్చిన టీవీ సీరియల్. పదమూడే భాగాలు. తర్వాత మన దూరదర్శన్‌లోనూ వచ్చింది. అందులోని నల్ల బండిని ఇప్పటికీ కొందరు అచ్చం అలాగే చేసుకుంటున్నారు. పిచ్చి అంటారు చాలామంది. నేను మాత్రం అనను. గంటకు 300 మైళ్ల వేగం కథలోదే. లోపలున్నది హోండా, పైన ఫైబర్ తొడుగు. మళ్లీ చెయ్యాలంటే కొలతలు, అచ్చులు, వైరింగ్ అన్నీ తెలియాలి. కథలో కూడా బండి చేసింది ఇంజనీరు నార్మన్. హీరో జెస్సీ నడిపాడంతే. మన ఇళ్లల్లో బండి తుడవడం ఆడపిల్ల పనే. స్పానర్ పట్టుకుంటే మాత్రం "నీకెందుకమ్మా" అంటారు. వెనక సీట్లో కూర్చుని మెచ్చుకున్నది చాలు. చెల్లెళ్లూ, ముందు ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి చూద్దాం రండి.