స్పీకర్లు పనిచేస్తున్నయి, దరఖాస్తు కూడా బతికే ఉన్నది



మా హాస్టల్లో ఒక డెస్క్‌టాప్ ఉన్నది. బొమ్మ వస్తది, సౌండ్ రాదు. స్పీకర్లు ఎప్పుడో కరాబైనయి. కొత్తవి కావాలని రెండుసార్లు రాసిచ్చినం. "చూద్దాం" అన్నరు. అప్పటిదాకా కానిస్టేబుల్ పరీక్ష క్లాసులను పదిహేను మందిమి ఒక్క ఫోన్ చుట్టూ కూర్చుని విన్నం. వెనుక కూర్చున్నోళ్లకు సగం పాఠమే అందేది.

చివరికి పాత సామాన్ల దుకాణంలో ఒక డబ్బా టీవీ నుంచి తీసి పక్కన పడేసిన రెండు స్పీకర్లు కొనుక్కొచ్చినం. (ఆ టీవీలను మీరు మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా పిక్చర్ ట్యూబులో హై వోల్టేజి నిలిచి ఉంటది.) పాత ఇయర్‌ఫోన్ వైరు కోసి స్పీకర్లకు కలిపి, కంప్యూటర్ వెనుక ఆకుపచ్చ జాక్‌లో పెట్టినం. దోమ పాడినట్టు వినపడ్డది, అంతే.

మొబైల్ రిపేర్ షాపు అన్న నవ్వి అసలు సంగతి చెప్పిండు. ఆ జాక్ నుంచి వచ్చేది చిన్న సిగ్నలే, స్పీకర్‌ను కదిలించే బలం దానికి లేదు. మధ్యలో ఆంప్లిఫయర్ ఉండాలె. పీఏఎం 8403 అని బొటనవేలంత బోర్డు, తక్కువ ధరకే దొరుకుతది. 5 వోల్టులు చాలు, యూఎస్‌బీ నుంచే ఇయ్యొచ్చు. ఇయర్‌ఫోన్ వైర్లలో ఎడమకొకటి, కుడికొకటి, గ్రౌండ్‌కొకటి. వాటి మీద రంగు పూత గీకితేనే సోల్డర్ పట్టుకుంటది. ఒక్కో స్పీకర్‌కు బోర్డు నుంచి దాని రెండు వైర్లు దానికే పోవాలె. రెండింటి మైనస్‌లు ఒకదానికొకటి గానీ, గ్రౌండ్‌కు గానీ కలిపితే బోర్డు పోతది.

స్పీకర్ వెనుక "8 ఓమ్స్" అని రాసి ఉన్నది. ఇంటర్‌లో ఓమ్ నియమం బట్టీ పట్టి పాసైనోళ్లమే మేమంతా. ఆ ఓమ్‌ను కండ్లతో చూసింది మాత్రం ఆ రోజే.

ఒక సీనియర్ అన్న ఒక మాట అడిగిండు: "అన్నీ మీరే చేసుకుంటే, ఇచ్చేటోళ్లు ఇంకెందుకు ఇస్తరు?" ఆ మాట కొట్టిపారేసేది కాదు. మన సర్దుకుపోవడాన్ని చూపించి మన హక్కును ఎగ్గొట్టడం కొత్త కాదు గదా. అందుకే దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. తేదీ వేసిన కాపీ మా దగ్గర ఉన్నది. మూడోది కూడా రాస్తం.

కానీ ఆగి కూర్చుంటే పోయేది స్పీకర్లు ఒక్కటే కాదు. మా ఇండ్లల్లో కంప్యూటర్ లేదు. మాలో చాలామందిమి మౌస్ పట్టింది డిగ్రీలోనే. "ముట్టుకోకు, కరాబైతే పైసలు కట్టాలె" అనే మాట వింటూ పెరిగినం. ఆ భయంతోనే ల్యాబ్‌లో వెనుక నిలబడ్డం, వేరేటోళ్లు చేస్తుంటే చూసినం. సర్కారు స్పీకర్లు ఇస్తది, ఇయ్యాలె. ఈ భయాన్ని మాత్రం ఎవరో వచ్చి తీసెయ్యరు. వార్డెన్ సార్‌కు ముందే చెప్పినం, కంప్యూటర్ డబ్బా విప్పలేదు. తెలిసి, అడిగి ముట్టుకుంటే తప్పు లేదని అర్థమైంది.

ఆ రాత్రి క్లాసు అయినంక ఒక తమ్ముడు తన ఫోన్లో రికార్డు చేసుకున్న అవ్వ కథ పెట్టిండు, గోండిలో. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికిందని మనమంతా గర్వపడ్డం. మా కంప్యూటర్లో గోండి మాట వినపడ్డది మాత్రం ఆ రాత్రే. చిన్నప్పటి నుంచి బయట చదివి గోండి మర్చిపోయినోళ్లు పక్కోళ్లను అర్థం అడిగి మరీ విన్నరు.

మా మాట ఒక్కటే. ప్రతి హాస్టల్లో ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్ ఉండాలె. ఐటీఐ చదివిన మన అన్నలు, అక్కలు నెలకొక ఆదివారం వచ్చి నేర్పాలె. అడగడం ఆపొద్దు, నేర్చుకోవడం కూడా ఆపొద్దు. మీ హాస్టల్ సంగతి కింద రాయండి.

జై ఆదివాసీ.