మందుకు అసలు పేరు అడుగుదాం

నెలాఖరు వచ్చిందంటే ఇల్లాలు ముందు దేనికి కోత పెడుతుంది? పాలకు పెట్టదు, పిల్లలు తాగాలి. స్కూలు ఫీజుకు పెట్టదు. ఆయన షుగరు మాత్రలకు అసలే పెట్టదు. కోత పడేది తన బీపీ మాత్రకే. ‘రెండ్రోజులు వేసుకోకపోతే ఏమైపోతుందిలే, ఒకటో తారీఖున తెచ్చుకుందాం’ అనుకుంటుంది. మా పుట్టపర్తిలో ఈ మాట ఎన్ని ఇళ్లల్లో విన్నానో లెక్కలేదు. మీ ఊళ్లో మీరూ వినే ఉంటారు. అలా అన్నవాళ్లలో తర్వాత పక్షవాతం వచ్చి మంచం పట్టినవాళ్లనూ చూశాను.

అనంతపురం సీమ సంగతి కొత్తగా చెప్పేదేముంది? వేరుశనగ విత్తనం వేస్తే వాన రాదు. వాన వచ్చి పంట పండితే ధర రాదు. రైతు ఇంట్లో డబ్బు కనిపించేది ఏడాదికోసారి, అదీ కాలం కలిసొస్తేనే. మందుల ఖర్చు మాత్రం నెలనెలా తప్పదు. మా ఊళ్లో 1991లో మొదలైన సత్యసాయి పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. పెద్ద జబ్బుకు ఆ దారి ఉంది. రోజూ మింగాల్సిన చిన్న మాత్ర దగ్గరే సంసారాలు తడబడుతున్నాయి. అందుకే ఈ వారం ఆ మాత్ర ధర గురించి మాట్లాడుకుందాం.

మాది దేశదేశాలవాళ్లు వచ్చిపోయే ఊరు. ఓసారి మందుల షాపులో నా ముందు ఒక విదేశీ ఆవిడ నిలబడి ఉంది. తెలుగు రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే. చీటీ తీసి చూపించింది. దానిమీద ‘మెట్‌ఫార్మిన్ 500’ అని మాత్రమే రాసి ఉంది. షాపతను చదివి వెంటనే మాత్రలు తీసిచ్చాడు. ఆవిడ వెనకే మా వీధి పెద్దమ్మ. బెంగళూరులో కొడుకు దగ్గరున్నప్పుడు వాడిన మాత్రల ఖాళీ అట్ట చూపించి, ‘ఇదే కావాల నాయనా’ అంది. ఆ కంపెనీది షాపులో లేదు. ‘ధర్మవరంలో అడిగి చూడు పెద్దమ్మా’ అన్నాడతను. ఆ అట్ట తీసుకుని చూశాను. అందులో ఉన్నదీ మెట్‌ఫార్మినే! సముద్రాలు దాటి వచ్చినావిడకు మందు దొరికింది. ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దమ్మకు దొరకలేదు. ఏమిటీ విచిత్రం?

మందుకు రెండు పేర్లుంటాయి. ఒకటి దాని అసలు పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ఈ పేర్ల జాబితాలు ప్రకటిస్తోంది. ఏ దేశానికి పోయినా దాదాపు అదే పేరు. రెండోది కంపెనీ ముద్దుగా పెట్టుకున్న పేరు, అంటే బ్రాండు. మందు కనిపెట్టిన కంపెనీకి పేటెంటు గడువు తీరాక అదే మందును ఇతర కంపెనీలూ చేసుకోవచ్చు. అలా చేసినదే జెనరిక్ మందు. మన షాపుల్లో దొరికే వాటిలో ఎక్కువ భాగం ఇవే. కాకపోతే ప్రతి కంపెనీ తన పేరొకటి తగిలించి అమ్ముతుంది. లోపల ఉన్న మందు ఒకటే, పేర్లు పదుల కొద్దీ, ధరలూ పదుల రకాలు!

ఇప్పుడు కాస్త దూరం, ఆఫ్రికా దాకా వెళ్లొద్దాం. మన తెలుగు నేలకూ ఆ ఖండానికీ మందుల బంధం గట్టిది.

2000 ప్రాంతంలో ఆఫ్రికా దేశాల్లో ఎయిడ్స్ ఊళ్లను ఊళ్లుగా ఊడ్చేస్తోంది. మందు లేదా అంటే ఉంది. ఒక్క మనిషికి ఏడాదికి 10 వేల నుంచి 15 వేల డాలర్లు ఖర్చు. కూలిచేసుకునే తల్లి ఎక్కడినుంచి తెస్తుంది? 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ ఆ మూడు మందుల వైద్యాన్ని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించారు. ప్రపంచం ఉలిక్కిపడింది. 2003లో క్లింటన్ ఫౌండేషన్‌తో కుదిరిన ఒప్పందంలో ధర 140 డాలర్లకు దిగింది. ఆ మందులు ఇస్తామన్న కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన మాట్రిక్స్ ఒకటి. 2017 నాటికి మూడు మందులనూ ఒకే మాత్రలో పెట్టి, ఏడాదికి సుమారు 75 డాలర్లకు తొంభైకి పైగా దేశాలకు అందించే ఒప్పందం కుదిరింది. సంతకం పెట్టిన రెండు కంపెనీలూ మన హైదరాబాద్‌వే.

ఇది మంత్రంతో జరగలేదు. 1970లో మన దేశం చేసిన పేటెంట్ల చట్టం, మందు మీద కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతి మీదే హక్కు ఇచ్చింది. దాంతో అదే మందును వేరే పద్ధతిలో చేసుకునే వీలు మనవాళ్లకు దొరికింది. 1961లో పుట్టిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్ ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నవాళ్లు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారూ అలా వచ్చినవారే. 2005లో చట్టం మారి మందు మీదే పేటెంటు వచ్చింది. అప్పటికే మనవాళ్లు చేయి తిరిగినవాళ్లయ్యారు.

ఇంకొకటి మనలాంటి ఇల్లాళ్లకు బాగా అర్థమయ్యే సంగతి. టమోటాలు పావుకిలో కొంటే ఒక ధర, వీధంతా కలిసి గంప కొంటే ఇంకో ధర కదా! ఆఫ్రికా దేశాల్లో చాలావాటికి మందుల్లో ఎక్కువ భాగం దిగుమతే. చిన్న దేశం ఒంటరిగా కొంటే బేరం కుదరదు. 2002లో మొదలైన గ్లోబల్ ఫండ్ వంటి సంస్థల సాయంతో ఎన్నో దేశాలు పెద్ద ఎత్తున కొన్నాయి. బ్రాండు అడగలేదు, మందు పేరు అడిగాయి. నాణ్యత పరీక్షలో నెగ్గినవాళ్లనే పోటీకి పిలిచాయి. ధర దానంతటదే దిగింది.

మరి మన ఇంటికొచ్చేసరికి? ఒక్కొక్కరమే వెళ్లి ఒక్కో అట్ట కొంటాం. ఏది కొనాలో నిర్ణయించేది డాక్టరు, డబ్బు కట్టేది మనం. చీటీతోనే అమ్మాల్సిన మందుల్లో డాక్టరు బ్రాండు రాస్తే, షాపతను తనంతట తాను మరొకటి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. డాక్టర్లు జెనరిక్ పేరే రాయాలని 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కట్టడి చేసింది. నాణ్యతకు పూచీ ఎవరిదంటూ డాక్టర్లు అడ్డుచెప్పడంతో అదే నెలలో పక్కనపెట్టింది. మన గడ్డమీద తయారైన మందు ఖండాలు దాటి చౌకగా పోతుంటే, పెద్దమ్మ ఖాళీ అట్ట పట్టుకుని ధర్మవరం బస్సెక్కాలా?

‘చౌక మందు పనిచేస్తుందా?’ అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. 2022లో గాంబియాలో అరవైమందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. దానికి మన దేశంలో తయారైన దగ్గు సిరప్పులతో సంబంధం ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 2025లో మధ్యప్రదేశ్‌లో విషం కలిసిన దగ్గు సిరప్పు తాగి పిల్లలు పోయారు. ఆ సీసా మీదా కంపెనీ పెట్టిన బ్రాండు పేరుంది. పేరు మనల్ని కాపాడదు, తనిఖీ కాపాడుతుంది. కాబట్టి ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది చౌక మందు ఒక్కటే కాదు, ప్రతి బ్యాచికీ పరీక్ష, ఆ ఫలితం అందరికీ తెలిసేలా ప్రకటన. తమిళనాడు 1995 నుంచే ఒక ప్రభుత్వ సంస్థ ద్వారా మందులు టోకున కొని, పరీక్ష చేయించి, ఆసుపత్రులకు పంపుతోంది. చేయాలనుకుంటే కానిదేముంది?

ఈలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో అందరూ వాడే మందుల అసలు పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. చీటీ రాసేటప్పుడే ‘డాక్టర్ గారూ, అసలు పేరు కూడా రాయండి’ అని మర్యాదగా అడగండి. దగ్గర్లో జనఔషధి కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. 2008లో మొదలైన ఈ షాపుల్లో ధర బ్రాండు కంటే 50 నుంచి 80 శాతం తక్కువని ప్రభుత్వం చెబుతోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ, షుగరు మాత్రలు ఉచితం. అడగడానికి సిగ్గెందుకు? మామూలు షాపులో జెనరిక్ కొన్నా అట్టమీది ధరే ఇచ్చేయకండి. కొన్నింటిమీద అసలు ధరకు ఎన్నో రెట్లు అచ్చేస్తారు. బేరమాడండి, బిల్లు తీసుకోండి. మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చొద్దు.

డ్వాక్రా సంఘంలో అప్పుల లెక్క అయ్యాక ఓ పది నిమిషాలు ఈ మాత్రల లెక్క కూడా పెట్టుకోండి. ఎవరికి ఏ మందు, ఎక్కడ ఎంతకు దొరికిందో ఒకరికొకరు చెప్పుకోండి. పదిమంది కలిసి అడిగితే షాపతనూ వింటాడు, డాక్టరూ వింటారు. అప్పుడు నెలాఖరున ఏ ఇల్లాలూ తన మాత్రను వచ్చే నెలకు వాయిదా వేసుకోదు. ఇంటిల్లిపాదికీ వేళకు మందు అందించే చెయ్యి, తన మందునూ వేళకు వేసుకోవాలి కదా!