పాత బస్సు ఒక్కటైనా నడుస్తూ ఉండాలె

సిరొంచలో ఉండే మాకు కాగితాల మీద రాజధాని ముంబై. పెద్దాసుపత్రికైనా, పెండ్లి బట్టలకైనా పోయేది మాత్రం వరంగల్లు, హైదరాబాదులకే. మా ఇండ్లల్ల ‘పట్నం’ అంటే హైదరాబాదే. పట్నం చూసొచ్చిన పెద్దలు చెప్పే ముచ్చట్లలో చార్మినార్ తర్వాత వచ్చేది డబుల్ డెక్కర్ బస్సు. ఆ బస్సుల గురించి మా అభిప్రాయం ఒకటి ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముంబై, మద్రాసు, కలకత్తాల్లో ట్రాములు నడిచాయి. ముంబైలో 1874లో గుర్రాలు లాగే ట్రాము వచ్చింది, 1907లో కరెంటు ట్రాము వచ్చింది, 1964 మార్చి 31న అన్నీ ఆగిపోయాయి. మద్రాసులో 1953లోనే ఆగాయి. హైదరాబాదులో ట్రాము చేయాల్సిన పని బస్సు చేసింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. అవి అల్బియన్ అనే స్కాట్లాండు కంపెనీ బండ్లు. 1951లో ఆ శాఖ రైల్వే నుంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది, 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. బస్సు నంబర్లలో కనబడే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని పెద్దలు ఇప్పటికీ చెప్తారు.

ఆనాటి అల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ కాపాడుకుంది. దాని పేరు ‘డెక్కన్ క్వీన్’. ఇన్నేండ్లలో ఎవరో ఒకరు ‘దీన్ని తుక్కుకు వెయ్యొద్దు’ అని గట్టిగా నిలబడితేనే అది మిగిలి ఉంటుంది. వాళ్లకు దండం పెట్టాలె.

డబుల్ డెక్కర్లకు ఆ అదృష్టం అంతగా దక్కలేదు. సికింద్రాబాదు నుంచి జూపార్కుకు పోయే 7జెడ్ లాంటి రూట్లలో తిరిగిన ఆ బండ్లు 2000 తర్వాత కొన్నేండ్లకే రోడ్ల మీద కనబడకుండా పోయాయి. 2023 ఫిబ్రవరిలో హెచ్‌ఎమ్‌డీఏ మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లను తెచ్చింది. చూడ ముచ్చటగా ఉన్నాయి, పిల్లలు సంబరపడ్డారు. కానీ కొత్తదాన్ని తేవడం వేరు, పాతదాన్ని కాపాడడం వేరు. రెండంతస్తులున్నంత మాత్రాన అది మన తాతలు ఎక్కిన బస్సు కాదు.

మన ఇంకో రాజధానిలోనూ ఇదే కథ. ముంబైలో 1937 నుంచి తిరిగిన డబుల్ డెక్కర్లలో ఆఖరి డీజిల్ బండిని 2023 సెప్టెంబర్ 15న పూలదండలు వేసి సాగనంపారు. అంత ప్రేమ ఉన్నప్పుడు, బండ్లు వందల్లో ఉన్న రోజుల్లోనే ఒకటి రెండు పక్కన పెట్టి, నడిచే స్థితిలో ఉంచుకుంటే ఎంత సులువయ్యేది! ఆఖరి రోజున దండ వేయడం కన్నా ముందే ఒక షెడ్డు వేయడం మేలు.

‘సిరొంచకు మంచి రోడ్డు కావాలె, డాక్టరు కావాలె, పాత ఇనుముకు పైసలెందుకు?’ అని మన ఇంట్లోనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్ని బండ్లనూ దాచిపెట్టమని మేమూ అనడం లేదు. ఒక్కో రకానికి ఒక్కటి చాలు. కానీ అది అద్దాల గదిలో బొమ్మలాగా ఉండకూడదు. నెలకొకసారైనా ఇంజన్ తిరగాలె. దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్, పై అంతస్తులో కండక్టరు గంట ఎన్నిసార్లు కొడితే ఏమని అర్థమో తెలిసిన డ్రైవరు తమ పని ఇంకొకరికి నేర్పాలె. ఆ పనితనం పోతే మిగిలేది ఇనుమే. కలకత్తాలో 1873 నాటి ట్రాము కథ ఎస్ప్లనేడ్–మైదాన్ ముక్కకు కుదించుకుపోతున్నా, ఆ ముక్క పట్టాల మీద నడిస్తేనే ఊరికి తన ట్రాము గుర్తుంటుంది.

ఈ మాట పట్నం వాళ్లకే కాదు, మనకూ వర్తిస్తుంది. 2016లో కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చేదాకా మనం అవుతలి ఒడ్డుకు పడవల్లోనే పోయేవాళ్లం. వంతెన కావాలని అడిగింది మనమే, వచ్చినందుకు మనకు సంతోషమే. ఇప్పుడు గంటలు లెక్కపెట్టుకుంటూ ఒడ్డున కూర్చునే పని లేదు. కానీ ఆ పడవల్లో ఒక్కటైనా ఎక్కడన్నా నిలబెట్టామా? సరంగులు నీటి లోతును చెప్పే మాటలను ఎవరైనా రాసుకున్నారా? బస్సుకైతే ఆర్టీసీ ఉంది, ఎస్టీ ఉంది. పడవకు మనం తప్ప ఎవరున్నారు?

అందుకే మన చుట్టాలకు మా విన్నపం ఒకటే. అహేరిలో ఉన్నా, చంద్రపూర్లో ఉన్నా, ఇంకా దూరాన ఉన్నా, మీ ఇండ్లల్ల ముసలోళ్లను ఈ పండుగకు కూర్చోబెట్టి అడగండి. ఏ ఒడ్డున పడవ ఎక్కారు, ఎంత ఇచ్చారు, అవుతల ఏ బస్సు పట్టుకున్నారు, పట్నంలో డబుల్ డెక్కర్ పైన కూర్చున్నారా. తెలుగులోనే రాయండి, వాళ్లు అన్న మాటను అన్నట్టే రాయండి. పాత టికెట్టు ముక్క దొరికితే పారెయ్యకండి. బస్సును కాపాడే బలం మన చేతుల్లో లేకపోవచ్చు, ఆ ప్రయాణాన్ని కాపాడే బలం ఉంది.