పాత మిలిటరీ ట్రక్కుకి టర్బో.. అమెరికా ఆర్మీ పెట్టింది స్పీడ్ కోసం కాదు! మరెందుకు?

స్టార్ట్ చేయగానే గుప్పున పొగ. యాక్సిలరేటర్ తొక్కితే సన్నగా విజిల్. పాత అమెరికన్ మిలిటరీ ట్రక్కుల వీడియోలు చూసేవాళ్లకి ఈ సౌండ్ బాగా తెలుసు. ఆ విజిల్ టర్బోఛార్జర్‌ది. అది వినగానే ఎవరికైనా వచ్చే డౌట్ ఒక్కటే. టర్బో లేని పాత డీజిల్ ఇంజిన్‌కి అది బిగిస్తే బండి దూసుకుపోతుందా?

అంత సీన్ లేదు. ఎందుకో అర్థం కావాలంటే ఎం35 కథ చూడాలి.

1950ల మొదట్లో అమెరికా ఆర్మీలోకి వచ్చిన రెండున్నర టన్నుల ట్రక్కు ఇది. ముద్దుపేరు 'డ్యూస్ అండ్ ఎ హాఫ్'. మొదట్లో పెట్రోల్ ఇంజిన్ ఉండేది. 1960ల్లో మల్టీఫ్యూయల్ ఇంజిన్ వచ్చింది. డీజిల్, కిరోసిన్, విమాన ఇంధనం.. యుద్ధంలో ఏది దొరికితే అది పోసుకుని నడవాలన్నది ఐడియా. 7.8 లీటర్ల ఈ 6 సిలిండర్ల ఇంజిన్‌లో ఎల్‌డీ-465 అనే రకానికి టర్బో లేదు, ఎల్‌డీటీ-465కి ఉంది. మరి పవర్‌లో తేడా ఎంత? చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ దాదాపు 130-140 హార్స్‌పవర్ మధ్యే!

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆర్మీ టర్బో పెట్టడానికి పెద్ద కారణం పొగ. నల్లటి పొగ వదులుతూ వెళ్లే కాన్వాయ్ ఎక్కడుందో శత్రువుకి దూరం నుంచే తెలిసిపోతుంది కదా.

టర్బో చేసే పని సింపుల్. బయటికి పోయే వేడి పొగతోనే ఒక చక్రం తిరుగుతుంది, అది ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెడుతుంది. కానీ డీజిల్ ఇంజిన్‌లో పవర్‌ని డిసైడ్ చేసేది ఇంధనం. పంపు ఇచ్చే డీజిల్ అంతే ఉంటే, గాలి పెరిగినా అదే డీజిల్ ఇంకాస్త శుభ్రంగా కాలుతుంది. పొగ తగ్గుతుంది, అంతే. పవర్ కావాలంటే పంపు సెట్టింగ్ మార్చి డీజిల్ పెంచాలి.

అలా పెంచినప్పుడే డేంజర్ మొదలవుతుంది. ఈ మల్టీఫ్యూయల్ ఇంజిన్ కంప్రెషన్ రేషియో 22:1. మామూలు టర్బో డీజిల్ లారీలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. దాని మీద ఇంకా ప్రెషర్ పెడితే ముందు దెబ్బతినేది హెడ్ గ్యాస్కెట్. రెండోది వేడి. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. డీజిల్ ఎక్కువైతే పొగ గొట్టంలో వేడి ఆ స్థాయిని దాటిపోగలదు. అందుకే తెలిసిన మెకానిక్‌లు టర్బో కంటే ముందు పైరోమీటర్ బిగిస్తారు, అంటే పొగ వేడిని చూపించే మీటర్. అది లేకుండా పంపు ముట్టుకోవడమంటే, మా అభిప్రాయంలో, కళ్లు మూసుకుని బండి నడపడమే.

మరి టర్బో దండగా అంటే, కాదు. ఎత్తైన చోట దాని విలువ తెలుస్తుంది. మన లద్దాఖ్‌లో ఖర్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగమే. టర్బో లేని ఇంజిన్ అక్కడ ఆయాసపడుతుంది. టర్బో ఉంటే పోయిన గాలిలో చాలా భాగం తిరిగొస్తుంది.

వీడియోల్లో పెద్దగా కనిపించని ఇంకో మ్యాటర్ బ్రేకులు. ఎం35ఏ2లో గాలి సాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులుంటాయి. కానీ సర్క్యూట్ ఒక్కటే. ఎక్కడ ఒక పైపు పగిలినా మొత్తం బ్రేకులు పోయినట్లే. ఖాళీగానే దాదాపు 6 టన్నుల బండి ఇది. గంటకు 90 కిలోమీటర్ల లోపు వేగానికి తయారైన ట్రక్కుని అంతకంటే స్పీడ్‌గా పరిగెత్తించి, ఆపేది ఆ ఒక్క పైపు మీద నమ్మకంతోనా?

ఆర్మీ వాడేసిన ఇలాంటి ట్రక్కులు అమెరికాలో వేలంలో మామూలు జనానికీ దొరుకుతాయి. మన దగ్గర కూడా పాత మిలిటరీ బండ్లు వేలానికి వస్తుంటాయి. కొనుక్కుని టర్బో బిగిద్దామనుకునేవాళ్లు ముందు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూడాలి. కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్లు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదంటే 6 నెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు.